రెండుసార్లు ఉప్పు పడిన కుండ

1963వ సంవత్సరం, ఆషాఢ మాసం, రెండో మంగళవారం, పగలు పదకొండు గంటలు. మా ఇంట్లో గడియారం లేదు. మైపాడు నుంచి నెల్లూరుకు పోయే బస్సు మా ఊరి కాలవ వంతెన దగ్గర మలుపు తిరిగేటప్పుడు హారన్ కొట్టేది. అది పదకొండింటి బస్సు. ఆ హారన్ వినపడుతున్నప్పుడే మా అత్త అమ్మవారి కుండలో ఉప్పు వేసింది. అందుకని ఆ గంట నేను మరచిపోలేదు.

నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది దాటింది. ఇంట్లో అత్త, నా భర్త, నేను. మామ లేడు. నా భర్తకు అన్న, అంటే మా బావగారు, వెనక వీధిలో వేరే ఇంట్లో ఉండేవారు. రెండిళ్ళకూ మధ్య ఒక పెరడు, ఒక ముళ్ళకంప దడి. అంత దగ్గర. కానీ ఆయన మా గడప తొక్కేవారు కాదు.

కారణం చెప్తాను. మామ పోయిన తరువాత అన్నదమ్ములు వేరుపడ్డారు. భూమి దగ్గర పేచీ రాలేదు, గొడ్ల దగ్గర పేచీ రాలేదు. "అమ్మ ఎవరి దగ్గరుంటుంది?" అని పెద్దమనుషులు అడిగితే అత్త చిన్నకొడుకు వైపు చూపించింది. ఆయనకు అప్పటికి పెళ్ళి కాలేదు, ఇంత అన్నం వండిపెట్టే దిక్కు లేదు. అంతకు మించి ఆమె మనసులో ఏమీ లేదు. బావగారు మాత్రం దాన్ని వేరే విధంగా తీసుకున్నారు. తన ఇల్లు, తన పెళ్ళాం వంట తల్లికి పనికిరాలేదనుకున్నారు. "నా ఇంటి కూడు నీకు వద్దంటే నీ ఇంటి కూడు నాకూ వద్దుమా" అని పదిమంది ముందర అనేసి లేచిపోయారట. నా పెళ్ళికి వచ్చారు, అక్షింతలు వేశారు, విస్తరి ముందర కూర్చోకుండా వెళ్ళిపోయారు. అది నేను నా కళ్ళతో చూశాను.

అత్త దీని గురించి ఏడ్చింది లేదు, ఎవరికీ చెప్పుకున్నది లేదు. ఒక్కటి మాత్రం చేసేది. ముగ్గురికి వండేటప్పుడు కూడా బియ్యం పెద్ద చేత్తోనే పోసేది. రోజూ అన్నం మిగిలేది, పొద్దున నేను చద్దన్నం తినలేక చచ్చేదాన్ని. "ఎందుకత్తా ఇంత?" అని ఒకసారి అడిగాను. "అలవాటు" అంది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆ కుండ సంగతి. మా వైపు ఆషాఢంలో ప్రతి ఇంటివాళ్ళూ అమ్మవారికి ఒక కోడిని ఇస్తారు. పొద్దున్నే ఊరి బయట రాయి దగ్గర కోసి, ఇంటికి తెచ్చి, కొత్త కుండలో వండి, వేపమండలు కట్టిన పీట ముందు ఆకు వేసి అన్నమూ కూరా పెడతారు. అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. గరిటె అంచు నాకినా తప్పే. పొయ్యి మీద ఉన్న కుండలో ఏమన్నా వేయొచ్చు గానీ, అందులోంచి ఏమీ తీయకూడదు. ఆ కూర గడప దాటి బయటికి పోకూడదు. ఇక ఉప్పు వేసేది ఇంటి పెద్దకోడలు. మొదటి ముద్ద తినేది పెద్దకొడుకు. వేరుపడినా సరే, వరస వరసే.

బావగారు రావడం మానేసినప్పటి నుంచి ఉప్పు అత్తే వేసేది, ముద్ద నా భర్త తినేవాడు. అట్లా కానిచ్చేవాళ్ళు. నేను చిన్నకోడలిని, నా చేయి పనికిరాదు.

ఆ మంగళవారం నా భర్త పొద్దున్నే నల్ల పుంజును కోసి తెచ్చాడు. ఈకలు పీకి, పసుపు పూసి, గడ్డి మంట మీద కాల్చి, ముక్కలు కొట్టి ఇచ్చాడు. సరుగుడు కట్టెలతో పొయ్యి రాజేసి, కుండలో ముక్కలు, అల్లం, పసుపు, నీళ్ళు వేసి పెట్టాం. బస్సు హారన్ కొట్టింది. అత్త కల్లుప్పు గుప్పెడు తీసి కుండలో వేసింది. ఇంకా మూత కూడా పెట్టలేదు, పెరటి తలుపు చప్పుడైంది.

మా తోడికోడలు వచ్చి నిలబడింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆడవాళ్ళం బావి దగ్గర రోజూ మాట్లాడుకునేవాళ్ళమే. కానీ భర్త పంతం ఉన్నన్నాళ్ళూ ఆమె కూడా మా గడప ఎక్కలేదు. మనిషి పొడుగు, గొంతు పెద్దది, ఒక్క చేత్తో నిండు బిందె ఎత్తేది. ఆ రోజు తలస్నానం చేసి, తడి చీరతోనే వచ్చింది. వెనక ఇద్దరు ఆడపిల్లలు. చిన్నపిల్లకు ఎండాకాలంలో అమ్మవారు పోసింది. వేపాకుల మీద పడుకోబెట్టి, బతుకుతుందో లేదో అని ఊరంతా అనుకున్నాం. ముఖం మీద మచ్చలు ఇంకా మానలేదు.

"అత్తా, బిడ్డ బతికితే ఈ ఏడు నీ కుండలో ఉప్పు నేనే వేస్తానని అమ్మోరికి మొక్కుకున్నా" అంది అక్క. కొంగు ముడి విప్పింది. అందులో ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న ఉప్పు.

"మీ ఆయనకు చెప్పినావా?"

"చెప్పలా. శనక్కాయల చేలోకి పోయినాడు. వచ్చినంక చెప్తా. కొడితే కొట్టనీ."

అత్త కుడిచేతికి ఉప్పు కళ్ళు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని చీర మడతల్లో తుడుచుకుంది. అది నేను చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు.

"ఎయ్యమ్మా. నీ కోసమే కాచుకోనుండా" అంది.

నేను నోరు తెరిచాను. ఇప్పుడే వేశావు కదత్తా అనబోయాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. "చిన్నమ్మాయ్, బావి కాడ కొత్తిమీర ఉంది చూడు. ఉండేదంతా కోసకరా. పుదీనా కూడా."

నాకు కొత్తిమీర ఎందుకో అర్థం కాలేదు, నోరు మూసుకోమంటోందని మాత్రం అర్థమైంది. అక్క రెండు చేతులా దండం పెట్టుకుని, గుప్పెడు ఉప్పు కుండలో వేసింది. ఆమె గుప్పెడంటే మామూలు గుప్పెడు కాదు.

చాలామంది ఆ సమయంలో ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. "అయ్యో, నేను వేసేశానమ్మా, నువ్వు ఊరికే చేయి అట్లా తిప్పు" అనేవాళ్ళు. నేనైతే అదే అనేదాన్ని. అప్పుడు ఆమె మొక్కు తీరేది కాదు. తడి చీరతో వచ్చినదారినే వెనక్కి పోయేది, మళ్ళీ వచ్చేది కాదు. అత్త అదంతా ఆ చేయి తుడుచుకునేంత సేపట్లో ఆలోచించుకుంది. కూర చెడితే చెడనీ అనుకోలేదు. కూర కూడా చెడకూడదు. ఎందుకంటే ఆ కూర పెద్దకొడుకు తినాలి. పెద్దకోడలు ఉప్పు వేసిన కూరను అతను నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే, ఇక ఆ రెండిళ్ళ మధ్య దడి ఎప్పటికీ తొలగదు.

అక్కను పిల్లలతో ముందు గదిలోకి పంపింది, పీటకు పసుపు రాయమని. నేను కొత్తిమీర తెచ్చేసరికి కుండ ముందు కూర్చుని ఉంది.

"ఎంతేసిందే? నువ్వు చూసినావా?"

"నీ అంత గుప్పెడు. ఇంకాస్త ఎక్కువే ఉంటది."

"దాని చేతులు చూస్తే భయమేస్తుంది నాకు" అంది. "రెండు కోళ్ళ ఉప్పు పడింది. కోడేమో ఒకటే."

"ఆవిరి వాసన చూస్తే ఉప్పు తెలుస్తుందంటారు కదత్తా."

"కోతలు. ఉప్పుకు వాసనేందే. ఆ కారం గిన్నె పక్కన పెట్టు, దాని జోలికి పోబాక."

అప్పుడు తెలిసింది నాకు కొత్తిమీర ఎందుకో. మా ఇళ్ళలో కారం ఉప్పుతో కలిపే దంచుతాం. ఎండుమిరపకాయలూ ఉప్పూ వెల్లుల్లీ కలిసే ఉంటాయి. ఆ ఎర్రకారం వేస్తే మూడోసారి ఉప్పు వేసినట్టే. అందుకని పచ్చిమిరపకాయలు. పచ్చిమిరపకాయలకు తోడు కొత్తిమీర, పుదీనా. కుండలోంచి ఉప్పు తీయలేం కాబట్టి, ఉప్పు లేనివి ఎన్ని దొరికితే అన్ని కుండలోకి పోవాలి.

"మీ నాయన బోగోలు నుంచి పంపిన టెంకాయలు కొట్టనా?" అని నన్ను అడిగింది. అవి నా కోసం వచ్చినవని అడిగింది. అంత తొందరలో కూడా అడిగింది. కొట్టమన్నాను.

నేను కొబ్బరి తురిమి, గోరువెచ్చని నీళ్ళు పోసి దంచి, ఉతికిన పంచెగుడ్డలో వేసి పిండాను. మొదటి చిక్కటి పాలు ఒక చెంబులో, రెండో పలచటి పాలు ఇంకో చెంబులో. అత్త రోట్లో కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, గసగసాలు వేసి నూరింది. ఆకు మెత్తగా నలగడానికి నాలుగు ఉప్పు కళ్ళు వేయడం అందరికీ అలవాటు. నా చేయి దానంతటది ఉప్పు కుండ వైపు పోయింది. మణికట్టు మీద ఒక్క దెబ్బ వేసింది. ఇద్దరమూ నవ్వుకున్నాం, చప్పుడు కాకుండా.

మూకుడులో నూనె పోసి ఉల్లిపాయలు ఎర్రబడకముందే ఆ పచ్చటి ముద్ద వేసి వేయించింది. పచ్చివాసన పోయి, ఆకు వాసన కమ్మగా మారేదాకా గరిటె ఆపలేదు. అది కుండలో కలిపి, పలచటి కొబ్బరిపాలు పోసింది. మరొక పొయ్యి మీద మొలగొలుకుల బియ్యం ఉడుకుతోంది. అన్నం వార్చినప్పుడు గంజిని కుడితి తొట్టిలో పోయకుండా అదీ రెండు గరిటెలు కూరలో పోసింది. కుండ మూతి దాకా వచ్చింది. ముక్క మెత్తబడ్డాక కుండ దించి, సెగ తగ్గనిచ్చి, అప్పుడు చిక్కటి పాలు పోసింది. పొయ్యి మీద పోస్తే విరిగిపోతాయి. ఆఖరుకు ఉట్టి మీద చల్ల చిలకడానికి దాచిన గేదె మీగడ తెచ్చి మొత్తం వేసేసింది. అమ్మవారి దండకు గుచ్చగా మిగిలిన గూడూరు నిమ్మకాయలు రెండు పిండింది.

అలాంటి కూర నేను అంతకు ముందు చూడలేదు. ఎరుపు లేదు. లేత వరిమడి రంగులో, గరిటెకు పట్టుకుని మెల్లగా జారుతోంది. ఆ వాసనకు పిల్లలు ముందు గదిలోంచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"సరిపోయిందంటావా అత్తా?"

"నాకేం తెలుసే. నువ్వూ నేనూ చెప్పేది కాదు" అంది. చెమట తుడుచుకుంది.

అమ్మవారికి ఆకు పెట్టి, హారతి ఇచ్చి, పిల్లలకు విస్తళ్ళు వేస్తుండగా వాకిట్లో బావగారి గొంతు వినపడింది. నా భర్త అరుగు మీద ఉన్నాడు.

"మీ వదినెక్కడరా?"

"లోపలుండాది న్నా."

"బిడ్డలు?"

"లోపలే న్నా."

"నువ్వేం చేస్తుండావు ఈడ?"

"వేపమండలు కడుతుండా."

"కట్టే ఉండాయి కదరా."

నా భర్త కట్టినవాటినే మళ్ళీ విప్పి కడుతున్నాడు పాపం.

అత్త గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి పోయింది. "కాళ్ళు కడుక్కో" అంది.

"నేను తినేదానికి రాలా."

"తినమని ఎవురన్నారు? అమ్మోరుండే ఇల్లు, చేలో మట్టితో వాకిట్లో నిలబడతావా? కడుక్కో."

ఆయన నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి కడుక్కుని వచ్చారు. గడపకు అవతలే నిలబడ్డారు.

"నీ పెండ్లాం మొక్కు తీర్చుకునింది. ఉప్పు ఆమే వేసింది" అంది అత్త. గొంతు పెంచలేదు. "పెద్దకోడలు ఉప్పేసినంక చిన్నోడు ముద్ద తినేదానికి లేదు. పెద్దోడు తినిందాకా ఈ ఇంట్లో ఎవురూ తినకూడదు. నిన్ను నేను బతిమాలను. తినకపోతే పో. బిడ్డలు ఆకులేసుకోని కూచోనుండారు, ఆ మాటేదో వాళ్ళకు నువ్వే చెప్పి పో."

లోపలి నుంచి చిన్నపిల్ల, ఆ మచ్చల ముఖం పిల్ల, "నాయనా, ఆకలేస్తుంది" అంది. ఎవరూ నేర్పలేదు. ఆకలేసే అంది.

బావగారు పిల్ల వైపు చూశారు, పెండ్లాం వైపు చూశారు. అక్క తలుపు చాటుకు పోలేదు. తడి చీర ఒంటి మీదే ఆరిపోయింది, అట్లాగే నిలబడి సూటిగా చూసింది. ఆయన తలపాగా తీసి భుజాన వేసుకుని, గడప దాటి వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు.

అత్త అన్నం పెట్టింది. కూర వేసింది. ఆయన ఆకు వైపు చూశారు.

"ఏందిమా ఇది? గేదెకు బెట్టే గడ్డి కలిపినావా?"

"ఈ ఏడు అమ్మోరు పచ్చటి కూర అడిగింది."

"ఎవురినడిగింది?"

"నన్నే. నోరు మూసుకోని తిను."

ఆయన కలిపారు. ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఈ మనిషి గురించి నేను విన్నది ఏమిటంటే, మజ్జిగలో ఒక ఉప్పు కల్లు ఎక్కువైతే గ్లాసు తీసి దూరం పెట్టేవారట. అత్త గరిటె పట్టుకుని ఆయన దవడ వైపే చూస్తోంది.

"ఎట్టుందయ్యా ఉప్పు?" అని అక్కే అడిగింది.

"సరిపోయింది" అన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. ఆకు ముందుకు జరిపారు. "మా, అన్నం ఇంకొంచెం పెట్టు."

అత్త పెట్టింది. పెద్ద చేత్తో పెట్టింది. తరువాత నా భర్త వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. పిల్లలు తిన్నారు. పెద్దపిల్ల ముక్కలు వదిలేసి పులుసు మాత్రమే మూడుసార్లు పోయించుకుంది.

ఆఖరున మేం ఆడవాళ్ళం తిన్నాం. ఇప్పుడు నిజం చెప్తాను. ఉప్పు ఒక పిసరు ఎక్కువే. చెడిపోయేంత కాదు. మీగడా, కొబ్బరిపాలూ, నిమ్మకాయ పులుపూ కలిసి దాన్ని చాలావరకు మింగేశాయి. ఆకు వాసన, పాల కమ్మదనం, ఉడికిన నాటుకోడి, వేడి అన్నం, నేను అంతకు మించిన తిండి తినలేదు, ఇప్పటికీ తినలేదు. కానీ ఉప్పు ఒక పిసరు ఎక్కువే. అన్నం ఎక్కువ, కూర తక్కువ కలుపుకుంటే సరిపోతుంది. అంటే బావగారు అన్నం ఇంకొంచెం అడిగింది అందుకు. ఆయనకు తెలుసు. మజ్జిగలో ఉప్పు కల్లు పట్టుకునే మనిషికి తెలియకుండా ఉంటుందా. అడిగింది పెండ్లాం, అదీ అందరి ముందర. సరిపోయిందన్నారు. మొండివాడని ఆయన మీద నాకు అంతకు ముందు కోపం ఉండేది. ఆ రోజుతో పోయింది.

మర్నాడు బావి దగ్గర కుండ కడుగుతుంటే అక్క నన్ను అడిగింది. "అమ్మే, ఉప్పు నాదే కదా? అత్త ముందుగా ఏమన్నా వేసిందా?"

"నీదే అక్కా" అన్నాను. ఆమెది పడింది కదా, అబద్ధం కాదు.

అత్త బతికున్నంత కాలం ఆ మాట ఎత్తలేదు, నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఆ మరుసటి ఏడాది నుంచి అక్కే వచ్చి ఉప్పు వేసేది, ఒక్కసారే. ఎర్రకారం మళ్ళీ వేయొచ్చు కదా, కానీ బావగారు ఒప్పుకోలేదు. "ఆ పచ్చకూరే చేయండి" అనేవారు. ఇరుగుపొరుగు కూడా చూసి చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా వీధిలో కొత్త కోడళ్ళు ఆషాఢంలో అమ్మవారికి ఎర్రకూర పెట్టకూడదు, పచ్చకూరే పెట్టాలి, అది పూర్వం నుంచి వస్తున్న ఆచారం అని చెప్పుకుంటున్నారు. నేను వింటూ ఊరుకుంటాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. రాగానే చదివినవాటిలో వంటల పుస్తకం ఒకటి. అందులో అన్నిటికీ కొలతలు ఉన్నాయి, ఉప్పు దగ్గర మాత్రం తగినంత అని రాసి ఉంది. చదివి మా అత్తకు వినిపించాను. "అంతేలే, వాళ్ళు మాత్రం ఏం రాస్తారు" అంది. అప్పటికి ఆమెకు పళ్ళు లేవు, ఆ కూర పులుసు మాత్రం అన్నంలో పిసికి తినేది.

ఒక సంగతి మర్చిపోయాను. ఆ మంగళవారం రాత్రి గిన్నెలు బోర్లించేటప్పుడు చూస్తే అన్నం మిగల్లేదు. మర్నాడు మా ఇంట్లో చద్ది లేదు. ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను రాసి ముగిస్తాను. పేర్లు అక్కరలేదు, వరసలు చాలు. కుండ వండిన మా అత్త. ఉప్పు వేసిన మా అక్క. మొదటి ముద్ద తిన్న మా బావగారు. వాళ్ళ పెద్దకూతురు. బతికి బట్టకట్టిన వాళ్ళ చిన్నకూతురు. వేపమండలు విప్పి కట్టిన నా భర్త. నేను.